ఇంగువ కాపలా

ఆయ్, నా పేరు అచ్చియ్యమ్మండి. కాకినాడ జగన్నాథపురంలో మాది రంగుచేపల దుకాణం. మా ఆయన గవర్రాజు నాకు సొంత మేనత్త కొడుకు. అంచేత మామూలప్పుడు బావా అంటాను, కోపమొస్తే ఏమయ్యా గవర్రాజూ అంటాను. ఈ కథలో రెండోదే ఎక్కువ వినపడుద్ది, ముందే చెప్పేస్తున్నాను.

నా కిడ్నీ ఒకటి ఆయన ఒంట్లో ఉంది. ఆయనవి రెండూ చేతులెత్తేసినప్పుడు ఆసుపత్రివాళ్ళు పరీక్షలు చేసి నాది సరిపోద్దన్నారు. తీసి పెట్టేరు. అక్కడితో అయిపోతే ఇంత కథే లేదు. మధ్యలో మా ఆడపడుచు ఉంది కదా, నూకరత్నం వదిన. బావ చిన్నప్పుడే మా మేనత్త పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఈవిడే. మొగుడు పోయాక మా పెరటిగోడకి ఆనుకున్న ఇంట్లోనే ఉంటాది. "నా తమ్ముడికి నా కిడ్నీయే పెట్టండి" అని ఆసుపత్రి వరండాలో బైఠాయించింది. ఆవిడకి షుగరుంది, పనికిరాదు అన్నారు డాక్టర్లు. అన్నది డాక్టర్లు, కోపం మాత్రం నా మీద. నేనే ముందెళ్ళి వాళ్ళ చెవిలో ఏదో ఊదేనంట! ఆరోజు నుంచి మాకు మాటల్లేవు. గోడ మీంచి కూర వస్తాది, గిన్నె వెళ్తాది, మాట మాత్రం అటూ ఇటూ దాటదు.

కిడ్నీ మార్చినవాళ్ళు జీవితాంతం మాత్రలు వెయ్యాలండి. మన ఒంట్లో పోలీసుల్లాంటివాళ్ళు ఉంటారంట, పరాయి కిడ్నీ కనపడగానే మీదపడి చంపేస్తారంట. ఈ మాత్రలు వాళ్ళని జోకొట్టి పడుకోబెడతాయి. పోలీసులు పడుకుంటే దొంగలకి పండగే కదా. అందుకే డాక్టర్లు మరీ మరీ చెప్పేరు, మట్టి ముట్టుకోవద్దు, ముఖ్యంగా ఆ చేపల తొట్టెల్లో చెయ్యి పెట్టొద్దు అని. సరే సరే అని బుద్ధిగా తలూపేడు. నేను బజారుకెళ్ళొచ్చేసరికి దుకాణంలో మోచేతి దాకా తొట్టెలో ముంచుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా గవర్రాజూ!" అన్నాను.

"అది కాదే అచ్చీ, గాజు పాచి పట్టేసింది. పాపం బంగారుచేపలకి బయటేం కనపట్టం లేదు."

"బయటేముందని చూస్తాయవి? నీ మొహమేగా!"

అప్పటికి నవ్వేసుకున్నాం. కొన్నాళ్ళకి ఆయన బొటనవేలి మీద చిన్న బుడిపె లేచింది. తర్వాత మణికట్టు మీద ఇంకోటి, ముంజేతి మీద ఇంకోటి, వరసగా పైకి పాక్కుంటూ. నొప్పి లేదు, జ్వరం లేదు, ఎర్రగా నిగనిగలాడుతూ ఉన్నాయంతే. కొన్ని పగిలి రసి కారడం మొదలెట్టేయి. అది చేపల తొట్టెల్లో ఉండే సూక్ష్మజీవంట. గట్టి ఒంటిని పెద్దగా ఏం చెయ్యదు, పోలీసులు పడుకున్న ఒళ్ళు దొరికితే మాత్రం వదలదు. దానికి మందులున్నాయి గానీ ఆ మందులకీ కిడ్నీ మాత్రలకీ క్షణం పడదు. మార్చి మార్చి చూసేరు, కళ్ళు పచ్చబడ్డాయి తప్ప బుడిపెలు తగ్గలేదు.

ఆఖరికి డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పేరు. కిడ్నీ మాత్రలు ఆపేస్తే ఒంట్లో పోలీసులు లేచి ఆ పురుగుని చంపేస్తారు, కానీ కిడ్నీని కూడా చంపేస్తారు. మాత్రలు ఆపకపోతే చెయ్యి తియ్యాల్సొస్తాది. చేత్తో ఆగుద్దన్న పూచీ కూడా లేదు. ఆ మాట విని బావ నా వైపు తిరిగి "నీ కిడ్నీ మాత్రం పోనివ్వనే, చెయ్యే తీసేయమను" అన్నాడు. నాకు ఏడుపొచ్చి తిట్టేసేను. ఆసుపత్రిలో అందరూ చూస్తుండగా తొట్టెతో మొదలెట్టి వాళ్ళ తాతదాకా తిట్టేను.

ఆ డాక్టరుగారే మమ్మల్ని సముద్రం ఒడ్డునున్న పరిశోధనాలయానికి పంపించేరు. అక్కడ డాక్టర్ మృణాళిని అని ఒకావిడ. చిన్నపిల్ల, మాట మెత్తన, నవ్వితే బుగ్గ సొట్ట. బావ చేతి బుడిపె నుంచి చుక్క రసి తీసింది. ఓ గాజు మూకుట్లో తేనెరంగు జిగురుంటే దాని మీద ఆ చుక్క వేసి మూతపెట్టి, "కాసేపు కూర్చోండమ్మా" అంది. టీ తాగేం. వచ్చి మూత తీసింది. గుప్పుమని ఇంగువ!

"పట్టుకున్నాయి" అంది సంబరంగా.

"ఏవి పట్టుకున్నాయమ్మా? పోపా?"

"ఈ జిగురులో ఉన్నవి కూడా సూక్ష్మజీవులేనమ్మా. మామూలుగా మన చర్మం మీద బతికేవే. వీటికి మేం కాపలా కాయడం నేర్పాం. శత్రువు కనిపిస్తే చుట్టుముట్టి చంపేస్తాయి, చంపుతున్నంతసేపూ వాసన వదుల్తాయి. ఆయన ఒంట్లో పోలీసులు నిద్రపోయినా, చర్మం మీద, చర్మం కింద వీళ్ళు మేలుకుని ఉంటారు. కిడ్నీ జోలికి వెళ్ళరు."

"అయితే ఇంగువెందుకు?"

"ఇలాంటి ఘాటు వాసనలు పుట్టించడం వీటికి తేలిక. ముందు కుళ్ళిన గుడ్డు వాసన పెట్టాం. పేషెంట్లు భరించలేక కడిగేసుకున్నారు. ఇంగువైతే ఎవరూ ఏమీ అనట్లేదు."

మంచి పిల్ల అనుకున్నాను. తర్వాత అసలు మెలిక చెప్పింది. ఆ జిగురుని బావ చేతికి పూతలా పూస్తారంట. పూసిన కొత్తలో అందులోవాటికి తమవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తెలీదంట. ఓ వారం రోజులు లేతగా ఉంటాయి, అప్పుడు నేర్చుకుంటాయి. ముందు బావ చర్మం మీద బతికేవాటిని గుర్తుపెట్టుకుంటాయి. ఆయన కాక ఇంకొక్క మనిషికే వాటి బుర్రలో చోటుంది. ఆ ఒక్కరెవరో తేలిపోయాక ముదిరిపోతాయి, ఇంకెవరొచ్చినా శత్రువు కిందే లెక్క.

"ఆ ఒక్కరూ మీరేనమ్మా. కానీ తొందరపడొద్దు. ముందు ఆయన్ని బాగా నేర్చుకోనివ్వాలి. వారమంతా చేతొడుగులు, ముసుగు వేసుకుని అన్నం పెట్టండి. ఇంకెవర్నీ లోపలికి రానివ్వకండి. ఆఖరి రోజున నేనే ఇంటికొస్తాను. అప్పుడు చేతొడుగులు తీసి ఆయన చెయ్యి పట్టుకోండి. అంతే."

పూత వేయించుకుని ఇంటికొచ్చేం. ఇంక చూస్కోండి, నేను వీధి గుమ్మంలో చీపురు పట్టుకుని కూర్చున్నాను. మా వీధి సంగతి మీకు తెలీదు. మనిషికి ఒంట్లో బాగోలేదంటే పరామర్శకి రాకపోతే మాటొస్తాదని, కుంటుకుంటూ అయినా వస్తారు. వచ్చినవాళ్ళు ఊరుకోరు, ఏదీ చూడనీ అని నొప్పున్న చోటే నొక్కుతారు. బత్తాయిలు పట్టుకుని ఒకళ్ళు, రొట్టె పట్టుకుని ఒకళ్ళు. అందర్నీ గుమ్మంలోనే ఆపేసి, పళ్ళు పుచ్చుకుని, మనుషుల్ని పంపించేసేను. పొగరుబోతని పేరొచ్చింది. రానీ అనుకున్నాను. బావకి అన్నం పెట్టేటప్పుడు కూడా ముసుగేసుకుని దూరంగా వంగుని పెట్టేదాన్ని. "ఏంటే, దొంగతనానికొచ్చినట్టు ఆ వేషం?" అని నవ్వేవాడు.

ఆఖరి రోజు రానే వచ్చింది. తలంటు పోసుకున్నాను, జడలో ఇంత కనకాంబరాలు పెట్టుకున్నాను. డాక్టరమ్మ వచ్చి దూరంగా కుర్చీలో కూర్చుంది. నేను చేతొడుగులు తీసి, సిగ్గు కూడా వచ్చిందనుకోండి, బావ చెయ్యి పట్టుకున్నాను.

గుప్పుమంది ఇంగువ!

ఇంగువంటే అలాంటిలాంటి ఇంగువ కాదు, పెళ్ళి వంటలో డబ్బా ఒలికిపోయినంత ఇంగువ. ఆయన చెయ్యి చూస్తుండగానే కందగడ్డలా ఎర్రబడింది. "అమ్మో మంట" అని లాక్కున్నాడు, నేను గుమ్మందాకా వెనక్కెళ్ళిపోయేను. డాక్టరమ్మ మొహం పాలిపోయింది.

"ఇంకెవరైనా ఆయన్ని ముట్టుకున్నారా?"

"చీమని రానివ్వలేదమ్మా నేను!" అన్నాను.

బావ దూలాలు లెక్కెడుతున్నట్టు పైకి చూస్తన్నాడు. అప్పుడు పెరటి తలుపు కిర్రుమంది. నూకరత్నం వదిన, చేతిలో పెసరకట్టు గిన్నె, "ఒరే తమ్ముడూ, వేడిగా ఉంది, తాగు" అంటూ తన సొంత ఇంట్లో తిరిగినంత ధీమాగా వచ్చేసింది. మమ్మల్ని చూసి ఆగింది. ఆగి, తప్పించుకోవడానికి దారి లేక, అలవాటుగా ఆయన చెయ్యి నిమిరింది. పూత ఉన్న చెయ్యే. ఇంగువ తగ్గిపోయింది. ఎరుపు దిగిపోయింది. చంటిపిల్లాడు తల్లిని చూసి ఊరుకున్నట్టు ఆ చెయ్యి ఊరుకుంది.

నేను వీధి గుమ్మంలో కాపలా, ఈవిడ పెరటి గుమ్మంలో రాకపోకలు! వారమంతా నేను చీపురుతో కూర్చున్నంతసేపూ ఆయన పక్కన కూర్చుని చెయ్యి రాస్తానే ఉందంట.

"ఏమయ్యా గవర్రాజూ!"

"అక్కే, ఎలా వద్దనను? పరామర్శకి అందరూ వస్తుంటే సొంత అక్క రాకపోతే నలుగురూ ఏమనుకుంటారని ఏడ్చింది."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఎలుకల మీద చేశాం, కోతుల మీద చేశాం. వాటికి పరామర్శలుండవు. మా లెక్కలో పరామర్శ లేదమ్మా" అంది నీరసంగా.

పూత కడిగేసి కొత్తది వెయ్యమన్నాను. ఇప్పటికే చర్మం కిందకి దిగిపోయాయి, తియ్యాలంటే పుండ్ల మీద పుండ్లు చెయ్యాలి, ఆ సందులో పురుగు ఎముకలోకి పోద్ది అంది. పోనీ నేను మళ్ళీ చేతొడుగులేసుకుని వెళ్తానన్నాను. కుదరదంట. మనవి మన ఒంటిమీదే కాదు, మన చుట్టూ గాలిలో కూడా తేలుతుంటాయంట. పూత లేతగా ఉన్నప్పుడు గాలికొచ్చినవాళ్ళని పట్టించుకోలేదు. ఇప్పుడు ముదిరింది, గాలిని కూడా వదలదు. నేను దగ్గరకెళ్తే కాపలావాళ్ళంతా నా మీదకి ఎగబడతారు, అసలు శత్రువుని వదిలేస్తారు.

అంటే ఏంటండి? నేను నా మొగుడి దగ్గరకెళ్తే ఆయన చెయ్యి పోద్ది. లోపల నా కిడ్నీ పెట్టుకున్న మనిషి బయట నన్ను రానివ్వడు. పోనీ ఆ పూత పనిచెయ్యట్లేదా అంటే, చక్కగా చేస్తంది! బుడిపెలు ఒక్కోటీ మాడుతున్నాయి. అదొకటి నా ఏడుపుకి అడ్డం.

ఇంక మా ఇంటి బతుకు చూడాలి. నేను వంట చేసి గడప దగ్గర పెడితే వదిన పట్టుకెళ్ళి తినిపించేది. కట్టు మార్చేది వదిన, మాత్రలు అందించేది వదిన. నేను వసారాలో కిటికీ అవతల ముక్కాలిపీట మీద. గాలి ఎటునుంచి వీస్తందో చూసుకుని కూర్చోవాలి. సముద్రం గాలి తిరిగిందంటే నా మీంచి గదిలోకి కొట్టేది, ఇంగువ గుప్పుమనేది. "ఏంటి అచ్చియ్యమ్మా, ఇవాళా పులిహోరేనా?" అని పక్కింటావిడ రోజూ అడిగేది. ఓ రోజు గిన్నె పట్టుకుని వచ్చేసింది కూడా. ఏం చేస్తాం, ఆ రోజు నిజంగానే చేసి పెట్టేను.

"ఒసే అచ్చీ" అనేవాడు లోపల్నుంచి. "అక్కకి గోళ్ళు తియ్యడం రాదే. చర్మం కూడా తీసేస్తంది."

"నాకు చెప్పకు. పిలిచి రానిచ్చుకున్నావుగా, అనుభవించు" అనేదాన్ని. అనేసి పెరట్లోకెళ్ళి కళ్ళు తుడుచుకునేదాన్ని. ఎన్నేళ్ళుగానో ఆయన చెయ్యి నా మీద వేసుకుని పడుకున్నదాన్ని. దుప్పటి పక్కన చల్లగా తగుల్తుంటే ఒళ్ళు మండిపోయేది.

ఓ రోజు మధ్యాహ్నం ఆయనకి చలిజ్వరం వచ్చింది. వదిన రేషన్ షాపుకెళ్ళింది. ఆయన మంచం మీద గజగజా వణికిపోతూ "అచ్చీ, అచ్చీ" అంటంటే ఎవరైనా కిటికీ అవతల కూర్చుంటారా? వెళ్ళి గట్టిగా పట్టేసుకున్నాను. ఇంగువ ఇల్లంతా నిండిపోయింది. వదలకుండా అలాగే పట్టుకున్నాను. జ్వరం దిగింది గానీ, మాడిపోయిన బుడిపెల్లో కొన్ని మళ్ళీ లేచేయి. మోచేతి పైన కొత్తది ఒకటి వచ్చింది. డాక్టరమ్మ వచ్చి కిటికీలోంచి చూసి నన్నేం అనలేదు. అనుంటే బాగుణ్ణు.

నన్ను ఒక్కదాన్నే పరిశోధనాలయానికి పిలిపించింది. "అమ్మా, కాపలావాళ్ళ బుర్ర మార్చలేం. మిమ్మల్ని మార్చొచ్చు" అంది.

"నన్నా? పెళ్ళైన కొత్తలో మా మావగారు చూసేరు ఆ పని. కుదర్లేదు."

నవ్వింది. "మీ చర్మం మీద బతికేవాళ్ళని మార్చొచ్చు అంటున్నాను. మందుసబ్బుతో మీవి చాలావరకూ కడిగేసి, ఆ ఖాళీలో నూకరత్నం గారివి నాటుతాం. అందుకు ఆవిడా మీరూ కలిసుండాలి. ఒకే తువ్వాలు, ఒకే పక్క, ఒకే దిండు. రోజూ ఆవిడ చేతుల్తో మీ ఒళ్ళంతా రుద్దాలి. కొన్ని వారాలకి మీ ఒంటిమీద ఆవిడవే కుదురుకుంటాయి. అప్పుడు కాపలావాళ్ళు మిమ్మల్ని చూసి ఆవిడే అనుకుంటారు."

నేను కుర్చీలోంచి లేచేను. "అంటే నేను మా ఆడపడుచునవ్వాలా?"

"చర్మం వరకేనమ్మా."

"చర్మంతోనే మొదలవుద్దమ్మా! తర్వాత నోరు కూడా వచ్చేస్తాది."

తిట్టుకుంటూనే ఇంటికొచ్చేను. వచ్చి పెరటిగోడ దగ్గర నిలబడ్డాను. గోడ అవతల వదిన వడియాలు ఎండబెడతంది. ఏడాది దాటింది ఆవిడతో మాటాడి. ఆఖరికి "వదినా" అన్నాను. ఆవిడ తలెత్తలేదు. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పేను. "నీ ఒంటిమీదున్నవి నాక్కూడా కాసిన్ని ఇయ్యి వదినా" అన్నాను.

"ఇవ్వను" అంది.

"ఎందుకివ్వవు?"

వడియాల పిండి చెయ్యి చీరకి తుడుచుకుని నావైపు తిరిగింది. "లోపల నీదే ఉంది కదే. బయటన్నా నన్నుండనీ. నేను వెళ్తే వాడి చెయ్యి ఊరుకుంటంది. పెంచినదాన్ని, ఆ మాత్రం నాకు మిగిలింది. అది కూడా పట్టుకుపోతానంటే ఎలా?"

నా నోటికి ఎన్ని మాటలొచ్చేయో! అన్నీ మింగేసేను. ఆవిడన్నది అబద్ధం కాదు కదా. తర్వాత ఎందుకొచ్చిందో తెలీదు, ఆ మాటొచ్చేసింది.

"ఆరోజు నేను డాక్టర్లకేం చెప్పలేదు వదినా. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాక కూడా, నీది సరిపోతే బాగుణ్ణు, నన్ను లేపి ఇంటికి పంపేస్తే బాగుణ్ణని దండం పెట్టుకున్నాను. అంత భయమేసింది నాకు. బావ కోసమే లేవకుండా ఉన్నాను."

వదిన నా మొహంలోకి చూసింది. "భయమేసిందా నీకు?"

"ఆయ్."

"ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"మనకి మాటల్లేవుగా!"

ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకోబోయింది, కుదర్లేదు. నాకూ అంతే. ఇద్దరం గోడకి అటొకళ్ళం ఇటొకళ్ళం నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేసేం. "వడియాలు ఎండగానే పెట్టె సర్దుకొస్తాను, మంచం కిటికీ పక్కకి లాగు, నాకు ఉక్క" అంది.

బావని పరిశోధనాలయంలోని గదిలో పెట్టేరు, మేం కలిసున్నన్నాళ్ళూ ఇద్దరం ఆయన దగ్గరకి పోకూడదని. అక్కడ కట్టు మార్చేది మరమనిషి ఇనప చెయ్యి. ఒళ్ళు లేనిది కనక దానికి సూక్ష్మజీవుల గొడవ లేదు. ఫోన్లో ఏడ్చేవాడు. "ఒసే, ఇది చక్కగా కడతాది గానీ ఒక్క మాట అనదే. తిట్టదు కూడానే!"

ఇక్కడ మా వైభవం వేరు. మందుసబ్బు ఫినాయిలు కంపు. దాంతో ఒళ్ళు తోముకుని వస్తే వదిన పీటేసుకుని కూర్చుని చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు రుద్దేది. రుద్దుతూ నా ఒంటికి వంకలు పెట్టేది. "ఏంటే ఈ మోచేతులు? కొబ్బరిపీచా?" నేను ఊరుకుంటానా? ఆవిడ గురక గురించి పక్కింటావిడకి చెప్పేను. ఆవిడ నా పులుసులో ఉప్పు గురించి వీధంతటికీ చెప్పింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, అంచేత సాయంత్రం పూట నేను కాళ్ళు పట్టేదాన్ని, ఆవిడ బావ చిన్నప్పటి సంగతులు చెప్పేది. చెరువులో పడితే జుట్టు పట్టి లాగిందంట. అందుకే ఆయనకి నడినెత్తిన బట్టతలంట. ఫోన్లో బావ మా ఇద్దరి నవ్వులూ వినేసి కంగారుపడ్డాడు. "మీరిద్దరూ ఒకటైపోతే నా గతేంటే?" అన్నాడు.

ఆఖరికి డాక్టరమ్మ నా ఒళ్ళంతా దూదితో తుడిచి పరీక్ష చేసి, సరే రమ్మంది. వదినా నేనూ ఒకే రంగు చీరలు కట్టుకుని వెళ్ళేం. మొదట నన్ను పంపింది. బావ మంచం మీద లేచి కూర్చున్నాడు, బాగా చిక్కిపోయాడు. గుమ్మం దాటేను. ఏ వాసనా లేదు. మంచం దగ్గరకెళ్ళేను. లేదు. నా చెయ్యి ఆయనే పట్టుకున్నాడు, పూత ఉన్న చేత్తోనే. చెయ్యి చల్లగా, శాంతంగా ఉంది. ఎర్రబడలేదు. ఆయన ఏడుస్తున్నాడు, నేను తిడుతున్నాను, గుమ్మం బయట డాక్టరమ్మ చప్పట్లు కొడతంది.

"చూసేవా అక్కా!" అని కేకేసేడు బావ. వదిన నవ్వు మొహంతో వచ్చింది. వచ్చి తమ్ముడి తల మీద చెయ్యేసి, ఆ చెయ్యి అలాగే భుజం మీదకి దించింది.

గుప్పుమంది ఇంగువ.

నేనేమో అనుకుని గభాల్న వెనక్కి జరిగేను. వాసన తగ్గలేదు. డాక్టరమ్మ గుమ్మంలోంచి కేకేసి వదినని బయటికి పిలిచేసింది. తగ్గిపోయింది. వదిన చేతుల్ని దూదితో తుడిచి ఆ దూదిని యంత్రంలో పెట్టి చూసింది. తర్వాత చెప్పింది. నేను రోజూ సబ్బుతో తోముకుంటుంటే నా ఒంటిమీద కాపరముంటున్నవి అక్కడ బతకలేక, ఎదురుగా చేతులు చాపుకుని కూర్చున్న వదిన ఒంటికి మారిపోయాయంట. కాళ్ళు పట్టినప్పుడు కొన్ని, నా దిండు మీద పడుకున్నప్పుడు కొన్ని. నాకు సబ్బుంది, ఆవిడకి లేదు. "ఇచ్చేవాళ్ళకి కూడా అంటుకుంటుందని మేం అనుకోలేదమ్మా" అంది డాక్టరమ్మ. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగేయి.

వదిన ఎవర్నీ తిట్టలేదు. అంత నోరున్న మనిషి! "పోన్లే, మొగుడూ పెళ్ళాలు మీరు, ఎలాగూ మీరే కలిసుండాల్సినవాళ్ళు" అని కొంగు దులుపుకుని బయటికెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చుంది. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటికేసే చూసుకుంటంది.

బావ నా చెయ్యి వదల్లేదు. లోపల నాదే, ఇప్పుడు బయటా నేనే. కిటికీ అవతల పీట మీద కూర్చుని నేను కోరుకున్నదంతా ఇదే. ఆడపడుచుని గుమ్మం అవతల చూడాలని ఎన్నిసార్లు అనుకున్నానో. తీరా చూస్తే, నన్ను రుద్ది రుద్ది ఆ చేతులు పొక్కిపోయి ఉన్నాయి. చెయ్యి విడిపించుకుని లేచేను.

"డాక్టరమ్మా, ఆ మందుసబ్బు ఇంకో డబ్బా ఇయ్యండి."

"ఎవరికమ్మా?"

"మా వదినకి. తోమించి, ఆవిడవి ఆవిడకి తిరిగి నాటుతాను. నా ఒంటిమీద ఉన్నవి ఆవిడవే కదా."

డాక్టరమ్మ కంగారుపడింది. "ఆగండమ్మా. మీ మీద అవి ఇంకా గట్టిగా కుదురుకోలేదు. ఇవ్వడం మొదలెడితే మీ దగ్గర పలచబడిపోవచ్చు. అప్పుడు మళ్ళీ మీరే ఆయన దగ్గరకి రాలేరు. బాగా ఆలోచించుకోండి."

బావ కేసి చూసేను. ఆయన తలుపు వైపు చూసి మెల్లిగా తలూపేడు.

"పలచబడితే ఆవిడ దగ్గర మళ్ళీ తెచ్చుకుంటానమ్మా" అన్నాను. "మళ్ళీ ఆవిడకి తగ్గితే నేనిస్తాను. ఇలా అటూ ఇటూ తిరుగుతానే ఉంటాయి. ఇంట్లో ఇద్దరం ఉన్నాం కదా."

సబ్బు డబ్బా పట్టుకుని వరండాలోకెళ్ళేను. కుళాయి దగ్గర ఆవిడ చేతులు తోమించి, తుడిచి, నా అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దడం మొదలెట్టేను. ముందు లాక్కోబోయింది, నేను వదల్లేదు.

"పిచ్చిదానా, వాడి దగ్గర కూర్చోక ఇక్కడేం చేస్తున్నావే?" అంది.

"మాటాడకు వదినా, చేతులు కదిలిపోతున్నాయి."

లోపల్నుంచి బావ కేక వినపడింది. "ఏమే, ఒక్కణ్ణీ వదిలేసి ఎక్కడికిపోయేరు మీ ఇద్దరూ?"

"ఎక్కడికీ పోలేదు బావా, వస్తన్నాం!" అన్నాను, రుద్దడం ఆపకుండానే.